బాల్ పైథాన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది, పాము మీద నీకున్న ఇష్టం కనిపిస్తోంది. కానీ "తేమ 60 శాతం ఉంచాలి" అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోయావు. కింద ఏం పరవాలో చెప్పే పేరా ఎక్కడో చివర్లో, పెట్టె అలంకరణ దగ్గర ఉంది. నా అభ్యంతరమంతా అక్కడే. పరుపూ (అంటే పెట్టెలో కింద పరిచేది) తేమా ఒకే సంగతి. నీళ్లు పెట్టెలో ఎక్కడ నిలవ ఉంటాయి, ఎటు పోతాయి అన్నది చెప్పకుండా అంకె ఒక్కటీ ఇస్తే, చదివినవాళ్లు పొద్దస్తమానం స్ప్రే బాటిల్ పట్టుకుని తిరుగుతారు. కొట్టగానే తేమ కొలిచే మీటర్ 80 చూపిస్తుంది. కాసేపటికి మళ్లీ 40కి దిగుతుంది. వాళ్లకు టెన్షన్, పాముకు అవస్థ.

ముందు పాము ఎక్కడిదో రాయి. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. ఘనా, టోగో, బెనిన్‌ల నుంచి ఎక్కువగా ఎగుమతి అవుతుంది. అక్కడి గడ్డి మైదానాల్లో పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుంటుంది. ఎండాకాలంలో పైన నేల బీటలు వారినా బొరియలో చెమ్మ ఉంటుంది. "గడ్డి మైదానపు పాము కదా, పొడిగా ఉంచితే చాలు" అని వాదించేవాళ్లు ఈ బొరియనే మర్చిపోతారు. పాఠకుడికి బొరియ అర్థమైతే, పరుపు ఎందుకు మందంగా ఉండాలో, దాక్కునే గూడు ఇరుకుగా ఎందుకుండాలో నువ్వు విడిగా చెప్పనక్కర్లేదు.

తర్వాత వేడి సంగతి. దీన్ని నువ్వు అసలు ముట్టుకోలేదు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని, నీరు కలపకుండా, 32 డిగ్రీలకు వేడిచేస్తే అది 47 శాతం దగ్గరికి పడిపోతుంది. గాలిలో నీరు ఒక్క చుక్క తగ్గలేదు, వేడెక్కిన గాలికి నీటిని పట్టే శక్తి పెరిగిందంతే. అంటే ఒకే పెట్టెలో చల్లటి వైపు 70, వేడినిచ్చే దీపం కింద 47 చూపించినా మీటర్లు రెండూ నిజమే చెబుతున్నాయి. కాబట్టి "తేమ 60" అని రాసినప్పుడు ఏ మూల కొలిచిన 60 అన్నది రాయాలి. చల్లటి వైపు, పరుపుకు కాస్త పైన, పాము ఉండే ఎత్తులో కొలవమని చెప్పు. అక్కడ 60 నుంచి 70 ఉంటే హాయి. అన్నట్టు వేడిని ఫారెన్‌హీట్‌లో కూడా పక్కన రాయి, అమెరికాలో కొన్న థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే పరికరం) మీద అదే ఉంటుంది.

ఇక పరుపు. ఇక్కడ మాత్రం తీరిగ్గా రాయి, వ్యాసానికి ప్రాణం ఇదే. కొబ్బరి డొప్ప ముక్కలు, కొబ్బరి పొట్టు కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే చాలామందికి సరిపోతుంది. పొట్టు ఒక్కటే వేస్తే ఎండాక దుమ్ము లేస్తుంది, ముక్కలు ఒక్కటే వేస్తే నీళ్లు అడుగుకు జారిపోతాయి. సైప్రస్ మల్చ్ (సైప్రస్ చెట్టు చెక్క తురుము) కూడా మంచిదే. ఇటుకలా నొక్కిన కొబ్బరి పొట్టు తోటల దుకాణంలో చవగ్గా దొరుకుతుంది, కానీ ఎరువు కలపనిదే తీసుకోమని తప్పకుండా రాయి. (డాలర్లు పెట్టి కొబ్బరి పీచు కొంటున్నామని తెలిస్తే ఊళ్లో అమ్మమ్మలు నవ్వుతారు. నవ్వనీ.)

ఆస్పెన్ పొట్టు (ఆస్పెన్ చెట్టు చెక్కపొట్టు) గురించి నువ్వు రాసింది సగమే నిజం. కార్న్ స్నేక్, కెన్యా శాండ్ బోవా లాంటి పాములకు అది బాగుంటుంది, ఎందుకంటే వాటికి ఇంత తేమ అక్కర్లేదు. బాల్ పైథాన్ కోసం తడిపితే బూజు పడుతుంది. దేవదారు జాతి చెక్కపొట్టు ఏ పాముకూ వద్దు, ఆ ఘాటు నూనెలు ఊపిరికి చేటు. న్యూస్‌పేపర్, టిష్యూ పేపర్ తేమను నిలపవు. అయినా కొత్తగా తెచ్చిన పామును మొదట్లో వాటి మీదే ఉంచమని చెప్పు, పేను లాంటి మైట్స్ ఉంటే తెల్లకాగితం మీద నల్ల చుక్కల్లా పట్టుబడతాయి. ఆ రోజుల్లో తేమ కోసం మూత ఉన్న డబ్బాకు కన్నం చేసి, లోపల తడిపి పిండిన స్పాగ్నం నాచు (నీటిని బాగా పట్టి ఉంచే నాచు) పెడితే సరి.

నీళ్లు పోసే పద్ధతి కూడా రాయి. పైన చిలకరించడం కాదు, మూలల్లో నెమ్మదిగా పోయాలి. నీరు అడుగు పొరకు చేరి అక్కడి నుంచి కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, పై పొర పొడిగా ఉంటుంది. పిడికెడు తీసి గట్టిగా పిండితే చుక్క కారకూడదు. ఎప్పుడూ తడిసిన, మురికి పరుపు మీద పడుకుంటే పొట్ట పొలుసులు ఎర్రబడి కుళ్లడం మొదలవుతుంది. గాలి తేమగా ఉండాలి, పొట్ట కింద పొడిగా ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరేది పరుపు మందంగా ఉన్నప్పుడే. పైన జాలీ మూత ఉన్న గాజు ట్యాంకుల్లో ఆవిరి అటే పోతుంది కాబట్టి జాలీలో చాలా భాగం మూసెయ్యాలి. దీపం చుట్టూ మాత్రం ఖాళీ వదలాలి, గాలి ఆడే దారి పూర్తిగా మూసెయ్యకూడదు.

నువ్వు ఫీనిక్స్‌లో ఉన్నావు. నీ ఇంట్లో పనిచేసిన కొలత హ్యూస్టన్‌లో ఎక్కువవుతుంది, న్యూజెర్సీ చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో చాలకపోవచ్చు. అందుకే నీ ఊరు, ఇంట్లో తేమ ఎంత, ట్యాంకు ఎలాంటిది అన్నవి వ్యాసంలో ముందే చెప్పెయ్యి. అప్పుడు చదివేవాళ్లు తమ ఇంటికి తగ్గట్టు లెక్క వేసుకుంటారు.

ముల్లు తిరిగే చవక మీటర్లను నమ్మొద్దని రాశావు, బాగుంది. డిజిటల్‌దాన్ని కూడా పరీక్షించే దారి చెప్పు: సీసా మూతలో ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీటితో ముద్దలా తడిపి, మీటరుతో పాటు జిప్ కవర్లో బిగించి రాత్రంతా ఉంచాలి. పొద్దున 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే, ఆ మీటరు అయిదు తక్కువ చెబుతోందని అర్థం.

ఎన్ని మీటర్లున్నా చివరికి చూడాల్సింది కుబుసాన్ని. అది మేజోడులా ఒకే ముక్కగా, కళ్ల మీది పొరలతో సహా ఊడొస్తే తేమ సరిపోయిందన్నమాట. ముక్కలుగా ఊడితే పెంచాలి. కంటిపొర మిగిలిపోతే పట్టకారుతో లాగొద్దని గట్టిగా రాయి, కన్నే పోవచ్చు. నోరు తెరిచి ఊపిరి తీయడం, ఈల శబ్దం, నోటి చుట్టూ బుడగలు కనిపిస్తే సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్లమను. అక్కడ ఇంటి వైద్యం రాయకు.

ఒక పేరా మాత్రం వ్యాసం మొదట్లోనే ఉండాలి. నువ్వు అమెరికాలో రాస్తున్నా, చదివేవాళ్లు కర్నూల్లో, ఖమ్మంలో ఉంటారు. అక్కడ జెర్రిపోతునో కొండచిలువనో పట్టి ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ సైట్స్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. ఆ చట్టానికి 2022లో వచ్చిన సవరణ, 2024 నియమాల ప్రకారం ఇలాంటి విదేశీ జంతువుల్ని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అమెరికాలోనూ అన్ని చోట్లా ఒకటే రూల్ కాదు, హవాయిలో పాము పెంచడమే నిషిద్ధం.

ఇవన్నీ పెడితే వ్యాసం పెద్దదవుతుందని భయపడకు. పాముకు పేరు ఎలా పెట్టానన్న పేరాలు తీసెయ్, కావలసినంత చోటు దొరుకుతుంది. ఈసారి పంపేటప్పుడు మీటరు ప్రోబ్ (కొలిచే మొన) ఎక్కడ పెట్టావో కనిపించేలా ట్యాంకు లోపలి ఫోటో కూడా జతచెయ్యి.

ఉంటాను,
అన్న