కూలర్ వైరు అతుకు ప్రతి ఎండాకాలం కాలిపోతున్నది, సాల్డరింగ్ చేస్తే నిలబడుతదా?

మీరు అడిగింది: ఇనుప కూలర్‌ల మోటారు వైరును మెలిపెట్టి టేపు చుట్టిన్రు, ఆ జాగ నల్లబడ్డది. కింద పంపు వైరు అతుకేమో పచ్చగ చిలుము పట్టి తెగింది. సాల్డరింగ్ చేస్తే నిలబడుతదా, ఇంట్లనే చేసుకోవచ్చా అని.

చేసుకోవచ్చు. కాని ఈ రెండు అతుకులు చెడిపోయిన కారణాలు వేరు. మోటారుది వదులు అతుకు. 200 వాట్ల మోటారు గుంజే కరెంటు ఒక ఆంపియర్ కూడ ఉండదు, అయినా మెలిక వదులై, రాగి నల్లబడి అక్కడ 5 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకోండి, దాదాపు 4 వాట్ల వేడి ఆ గోరంత జాగలనే పుడుతది. పీవీసీ తొడుగు మెత్తబడి నల్లగ కావడానికి అది చాలు. పంపు వైరుల అంత కరెంటే పోదు, దాన్ని తిన్నది తడి. మామూలు టేపు ఎండకు బంక వదులుతది, సందుల నుంచి తేమ లోపలికి పోతది, బోరు నీళ్ల ఉప్పు దానికి తోడు. అందుకే మోటారు అతుకుకు గట్టి మెలిక, మంచి టంకం (సాల్డరింగ్) ముఖ్యం. పంపు అతుకుకు వాటికంటే పైతొడుగు ముఖ్యం.

ముందుగాల ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే సరిపోదు, అది న్యూట్రల్ వైరు మీద పెట్టి ఉంటే ఫేజు లోపల అట్లనే ఉంటది. పీకినంక కూడ కెపాసిటర్‌ల కరెంటు నిలువ ఉండొచ్చు, దాని కొనలు ముట్టుకోవద్దు.

చాలా మంది తప్పు చేసేది ఇక్కడే: నల్లబడ్డ రాగి మీదనే టంకం పెడ్తరు. అది పట్టదు, గోళీలెక్క జారిపోతది. ఎర్రటి మెరిసే రాగి కనిపించేదాక వెనక్కి కోసుకుంట పోండి, రెండు మూడు అంగుళాలు పోయినా పర్వాలేదు. పోగులు వెండిలెక్క తెల్లగ ఉంటే కోసిన కొసను చూడండి. లోపల ఎరుపు ఉంటే తగరం పూత వేసిన రాగి, మంచిదే. కొస కూడ తెల్లగనే ఉంటే అల్యూమినియం. చవక మోటార్ల వైండింగు అల్యూమినియంతో వస్తది. దానికి మామూలు టంకం అంటదు, వైండింగు దాక పోవాల్సి వస్తే మోటారు మెకానిక్‌కు ఇవ్వండి.

తొడుగు 20 నుంచి 25 మిల్లీమీటర్లు తీయండి. మెలి పెట్టకముందే హీట్ ష్రింక్ స్లీవును (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) వైరుకు ఎక్కించి దూరంగ జరపాలె. ఇది మరిచిపోతే మళ్ల కోయాల్సిందే. స్లీవు వేడికి సగానికి ముడుచుకుంటది కాబట్టి 3-4 మిల్లీమీటర్ల లావు అతుకుకు 6 మిల్లీమీటర్లది తీసుకోండి. పంపు వైరుకు లోపల జిగురున్న స్లీవు అని అడిగి తీసుకోండి, హన్మకొండ, వరంగల్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్ల అడిగితే చెప్తరు.

మెలిక ఎదురెదురుగ పెట్టాలె: రెండు కొసలను అడ్డంగ దాటించి, ఒకదాని మీద ఒకటి నాలుగైదు చుట్లు. చేతితో గట్టిగ గుంజి చూడండి. టంకం లేకుంటేనే నిలబడాలె, ఎందుకంటే బరువు మోసేది మెలిక, టంకం పని గాలి, తడి పోకుండ మూయడం.

60/40 సాల్డరింగ్ లెడ్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్న టంకం తీగ), లోపల రోజిన్ (టంకం పట్టేటట్లు చేసే బంక) ఉన్నది, 1 మిల్లీమీటర్ మందంది తీసుకోండి. యాసిడ్ పేస్టు వాడొద్దు, అది అతుకులనే మిగిలి రాగిని తింటది. సన్న వైరుకు 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్ చాలు, 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరుకు 60 వాట్లది పెట్టండి. చిన్న ఐరన్‌తో లావు వైరు వేడెక్కేసరికి అర నిమిషం పడ్తది, ఆలోపు వేడి పక్కకు పాకి తొడుగు ముడుచుకపోతది. ఐరన్ మొనను తడిగుడ్డకు తుడిచి, కొంచెం లెడ్ అంటించి, అతుకు కింది నుంచి ఆనించండి. రెండు మూడు సెకండ్లకు లెడ్‌ను ఐరన్‌కు కాదు, పైనుంచి రాగికి తాకించండి. రాగి వేడికే కరిగి పోగుల మధ్యకు పారాలె. ఐరన్ మీద కరిగించి బొట్టు వేస్తే పైన ముద్ద కనిపిస్తది, లోపల పట్టి ఉండదు. ఊదొద్దు, పది సెకండ్లు కదిలించొద్దు. మంచి అతుకు మెరుస్తది, పోగుల గీతలు కనిపిస్తయి. బూడిద రంగుల గరుకుగ ఉంటే మళ్ల వేడి చేయండి.

మొనలుంటే పటకారుతో నొక్కండి, లేకుంటే స్లీవును పొడుస్తయి. స్లీవు అటూ ఇటూ 10 మిల్లీమీటర్లు దాటాలె. లైటర్ మంటను ఆపకుండ ఆడిస్తూ నడుమ నుంచి కొసలకు ముడిపించండి. రెండు మూడు వైర్లుంటే అతుకులు ఒకచోట పడకుండ నాలుగు సెంటీమీటర్ల ఎడం ఇవ్వండి.

టంకం పట్టిన వైరు కడ్డీలెక్క గట్టిపడుతది. కూలర్ వణుకుడుకు సరిగ్గ టంకం ఆగిన చోటనే తెగుతది, అందుకే అతుకుకు రెండు దిక్కుల కేబుల్ టైతో బాడీకి కట్టేయాలె. పంపు అతుకు నీళ్ల మట్టానికి పైననే ఉండాలె, వైరు కిందికి వంగి పైకి రావాలె, కారిన చుక్క ఆ వంపుల నుంచే రాలాలె.

ప్లగ్గు స్క్రూల కింద పోయే కొసలకు మాత్రం టంకం పెట్టొద్దు. స్క్రూ ఒత్తిడికి టంకం మెల్లగ నలిగి, కొన్ని నెలలకు వదులవుతది. గీజరు, ఏసీ వైర్లకు, గోడ పైపుల్ల పోయే వైర్లకు నడుమ అతుకే వద్దు, నిండు వైరు వేయాలె. కరెంటు మీటరు ముందటి సర్వీసు వైరు ఎన్పీడీసీఎల్‌ది (మన దిక్కు కరెంటు కంపెనీ), దాన్ని ముట్టుకోవద్దు.

అయిపోయినంక చేతులు సబ్బుతో కడుక్కోండి, లెడ్‌ల సీసం ఉంటది. ప్లగ్గు పెట్టకముందు మల్టీమీటరుతో రెండు చూడండి: ప్లగ్గు పచ్చ వైరు (ఎర్తు) పిన్ను నుంచి కూలర్ రేకు దాక నిరోధం దాదాపు సున్నా రావాలె, ఫేజు, న్యూట్రల్ పిన్నుల నుంచి రేకుకు అసలే తగలొద్దు. ఈ రెండోది తగిలితే కూలర్ నడపకండి.