సందేహాలు – సమాధానాలు: ‘పిడి పదార్థం’ అనవచ్చా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అబ్బాయికి ఖరీదైన మడత చాకులంటే ఇష్టం. నాలుగైదు చాకులను పోలుస్తూ తెలుగులో ఒక పట్టిక రాయమంటే ‘పిడి పదార్థం’, ‘బ్లేడు పదార్థం’ అని శీర్షికలు పెట్టాను. పిండిపదార్థంలా ఉందని వాడు ఒప్పుకోలేదు. బ్లేడు అంటే గడ్డం గీసుకునేదే కదా అని నాకూ అనుమానం వచ్చింది. సరైన మాటలేమిటి? ఇంకొకటి. మా ఊళ్లో కత్తికి ‘ధార పెట్టించాలి’ అంటాం. అది ఒడియానా, తెలుగా?

సమాధానం: మీ అబ్బాయి చెవి మంచిది. ‘పిడి పదార్థం’లో వ్యాకరణ దోషం ఏమీ లేదు, కానీ తెలుగు అలా నడవదు. కొట్లో చెంబు చేతిలోకి తీసుకుని ‘దీని పదార్థం ఏమిటి?’ అని ఎవరూ అడగరు. ‘ఇత్తడిదా, రాగిదా?’ అంటారు. సరుకు పేరు వస్తువు ముందు పెట్టేస్తే మన పని అయిపోతుంది. ఇత్తడి చెంబు, ఇనుప పెట్టె, కొమ్ము దువ్వెన. టైటానియం పిడి కూడా అంతే. శీర్షిక ‘పిడి’ అని పెట్టి, కింద ‘టైటానియం’ అని రాయండి. ‘మెటీరియల్’కు తెలుగు వెతకాల్సిన పనే లేదు. ‘టైటానియపు పిడి’ అనాలేమోనని టెన్షన్ పడకండి. అద్దపు తలుపు అంటాం నిజమే, కానీ అల్లం పచ్చడి అనే అంటాం. ఈ లోహానికి అల్లం దారే నోటికి హాయి.

పిడి అనే మాట మాత్రం వదలకండి. పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు అన్నీ దాని చుట్టాలే. తమిళంలో పిడి, కన్నడంలో హిడి అంటే పట్టుకోవడం. గుప్పిట్లో ఇమిడేది పిడి. అందుకే గొడ్డలికి ఉండే పొడుగాటి కర్రను కామ అన్నారు, గరిటెకు కాడ అన్నారు, కత్తికీ కొడవలికీ పిడి అన్నారు. ‘హ్యాండిల్’ అన్నామంటే చేతికి తెలిసిన ఈ తేడాలన్నీ పోతాయి.

పిడి ఏ సరుకుదో రాసేటప్పుడు మీ ఊరి వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. పర్లాకిమిడి కొమ్ము పని పేరున్న కళ. కొమ్మును సెగ మీద మెత్తబరుస్తుంటే ఒకసారి దగ్గర నిలబడి చూశాను. వెంట్రుక కాలినట్టు వాసన వచ్చింది. రావడం సహజమే. గేదె కొమ్ము, గోరు, వెంట్రుక మూడూ కెరటిన్ అనే ప్రోటీన్‌తోనే తయారవుతాయి. జింక కొమ్ము అలా కాదు. అది ఎముక, ఏటా రాలి మళ్లీ మొలుస్తుంది. విదేశీ చాకుల వివరాల్లో ‘స్టాగ్’ అని ఉండేది ఇదే. మన భాషలో రెండూ కొమ్ములే కాబట్టి ‘గేదె కొమ్ము’, ‘జింక కొమ్ము’ అని విడదీసి రాయండి. జింక కొమ్ముల వ్యాపారం మన దేశంలో చట్టవిరుద్ధమని కూడా పక్కన ఒక ముక్క చేర్చండి.

పిడులకు వాడే మైకార్టా, జి-10 పేర్లను అనువదించకండి. గుడ్డనో కాగితాన్నో రెసిన్‌లో తడిపి పొరలుగా అదిమితే మైకార్టా. గాజునార గుడ్డను ఎపాక్సీ అనే రెసిన్‌తో అలాగే అదిమితే జి-10. అర్థం చెప్పి పేరు ఉన్నట్టే ఉంచడం మంచి పద్ధతి.

ఇక బ్లేడు. ‘బ్లేడ్ బ్యాచ్’ అని పేపర్లో చదివినా మన కళ్ల ముందు మెదిలేది గడ్డం గీసుకునే పలచటి రేకే. మీ అనుమానం సరైనదే. కత్తిలో పిడి పోగా మిగిలిన భాగానికి తెలుగులో ‘అలుగు’ అనే మాట ఉంది. దాని కోసే అంచు వాదర, చివర మొన. చెరువు అలుగు వేరు, కోపమొచ్చి అలగడం వేరు. ఈ అలుగు ఇప్పుడు నోట్లో తక్కువగా ఉంది కాబట్టి మొదటిసారి ‘అలుగు, అంటే కత్తి బ్లేడు’ అని రాసి, తర్వాత ‘అలుగు’ అనే వాడండి. రెండు మూడు వరుసలు దాటేసరికి చదివేవాళ్లకు అలవాటవుతుంది.

అలుగు కింద ‘ఉక్కు’ అని రాయండి. స్టీలు అంటే మనకు గిన్నెలూ గ్లాసులూ గుర్తొస్తాయి. మన దేశపు ఉక్కుకు ఐరోపావాళ్లు ‘ఊట్జ్’ అని రాసుకున్న పేరు కన్నడ, తెలుగుల ఉక్కు నుంచే వెళ్లిందని పండితులు చెబుతారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తీసిన ఉక్కును పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు. అలల్లాంటి గీతలకు పేరుపడ్డ పాత డమాస్కస్ కత్తులకు వాడింది ఆ జాతి ఉక్కే. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కును పొరలుగా అతికినవి. పట్టికలో ‘పొరల డమాస్కస్’ అంటే నిజం చెప్పినట్టవుతుంది.

‘స్టెయిన్‌లెస్’ దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. ‘తుప్పు పట్టనిది’ అని రాస్తే అబద్ధమవుతుంది, ‘తుప్పును తట్టుకునేది’ అనండి. ఉక్కులో తుప్పును ఆపేది క్రోమియం. చాకులకు వాడే ఉక్కు రకాల్లో ఎస్30విలో అది 14 శాతం, ఎం390లో 20, డి2లో 12 దాకా ఉంటుంది. 2021లో వచ్చిన మాగ్నాకట్‌లో 10.7 మాత్రమే. అయినా మాగ్నాకట్ తుప్పును డి2 కంటే చాలా బాగా ఆపుతుంది. డి2లోని క్రోమియంలో పెద్ద భాగం కార్బన్‌తో కలిసి కార్బైడు గింజలై కూర్చుంటుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. అంకె ఒక్కటే చూసి ‘ఇది మేలు’ అని రాయకూడదు.

‘గట్టిది’ అన్న ఒక్క మాటతోనూ సరిపెట్టకండి. గట్టి ఉక్కు పెళుసుగానూ ఉండవచ్చు. వంగినా విరగని గుణానికి నేనైతే ‘చేవ’ అంటాను. చెట్టు నడిమి కర్రకు చెప్పే మాట, ఉక్కుకూ చక్కగా అతుకుతుంది. పదును ఎంత ఉందన్నది ఒక సంగతి, ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఇంకొకటి. రెండో దానికి ‘పదును నిలకడ’ అనే శీర్షిక పెట్టండి.

చివరగా మీ ‘ధార’. సంస్కృతంలో ధార అంటే ప్రవాహమే కాదు, కత్తి అంచు కూడా. కత్తి అంచు మీద నడిచినంత కఠినమైన వ్రతాన్ని అసిధారావ్రతం అంటారు, అందులోని ధార అదే. ఒడియాలో, మరాఠీలో ఆ అర్థం రోజువారీ మాటగా నిలిచింది. తెలుగులో పుస్తకాలకు పరిమితమై, నోట్లో ‘పదును’, ‘సాన’ మిగిలాయి. మీ ఊరి తెలుగు ఒడియా పక్కనే ఉండి దాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసింది మీ పర్లాకిమిడిలోనే, జనం నోట ఉన్న మాటకు గౌరవం ఇవ్వాలని పోరాడిందీ ఆయనే. ‘ధార పెట్టించాలి’ తప్పు కాదు, మీ ఇంట్లో మానుకోనక్కర్లేదు. పట్టిక మీ పక్కనున్న పాతపట్నం దాటి శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల చేతికీ వెళ్తుందనుకుంటే, ‘ధార’ పక్కనే ‘పదును’ అని కూడా రాయండి.