తాతల నాటి చేనేత కార్ఖానా చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లగొండ వైపు మీ తాతగారు నడిపిన చేనేత కార్ఖానా చరిత్ర రాద్దామనుకుంటున్నారు, పాత లెక్క పుస్తకాలు దొరికాయి కానీ ఏమీ అర్థం కావడం లేదన్నారు. మాది పోచంపల్లి దగ్గరి పద్మశాలి కుటుంబం. మా పెద్దబాపు నడిపిన మగ్గాల లెక్కలు నేనూ ఇలాగే ముందేసుకుని కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా.

మొదట సంవత్సరం చూడండి. 1350, 1357 అని కనిపిస్తే గాబరా పడకండి, అది ఫసలీ, నిజాం సర్కారు లెక్క. 590 కలపండి. ఆ ఏడాది అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి 1357 అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు మొదటి దాకా. మా చిట్టాలో ఆ ఏడాది చివరి పేజీలు ఖాళీ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, అంతకుముందు నుంచే రజాకార్ల గొడవలు, సాయుధ పోరాటం. జిల్లా సంగతి తెలిసినవాళ్లకు ఆ ఖాళీ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత రూపాయి. ఒకే పుస్తకంలో రెండు రూపాయలుంటాయి: నిజాందేమో హాలి సిక్కా, ఇంగ్లీషు సర్కారుది కల్దారు. ఏడు హాలి రూపాయలకు ఆరు కల్దార్లు. మా ఇంట్లో బయటి నుంచి తెచ్చిన నూలు కల్దారులో, నేసినవాళ్ల మజూరి హాలిలో రాశారు. ఇవి కలిపి కూడితే లాభం నష్టంలా, నష్టం లాభంలా కనిపిస్తుంది. హాలి సిక్కా 1959 దాకా చలామణిలో ఉంది కాబట్టి స్వాతంత్ర్యం తర్వాతి పుస్తకాలకూ ఇదే జాగ్రత్త.

నూనె, ఆముదం కాయల బూడిద కొన్న పద్దులు కనిపిస్తే ఇంటి ఖర్చని కొట్టేయకండి. తేలియా రుమాళ్లని నూనె పట్టించిన నూలుతో నేసే చదరపు గుడ్డలుంటాయి, వాటికి నూలును ఆ రెండింటితో నానబెట్టి, పిసికి, ఆరబెట్టేవారు. ఎరుపు పట్టేది అందుకే, ఆ బట్టకు నూనె వాసనా అందుకే. అరబ్బు దేశాలకు వెళ్లిన సరుకది. ఇప్పటికీ పుట్టపాకలో నేస్తున్నారు.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం పట్టు పద్దు మొదటిసారి ఎప్పుడొచ్చిందన్నది. పోచంపల్లి వైపు 1960ల్లో నూలు రుమాళ్ల నుంచి పట్టు చీరలకు మళ్లారు. బెంగళూరు పట్టు, సూరత్ జరీ అంటే చేతిలో పెట్టుబడి ఉండాలి. అది లేని నేతగాడు సావుకారు ఇచ్చిన పట్టు నేసి మజూరి తీసుకునేవాడయ్యాడు. మీ తాతగారు ఇందులో ఏ పక్కన ఉన్నారో దాచకుండా రాయండి. మా పెద్దబాపు సావుకారు పక్కనే. బాకీల పేజీలు చూస్తే తెలిసిపోతుంది.

తారనాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్తే ఉర్దూ చదివేవాళ్లను వెంట తీసుకెళ్లండి. పోచంపల్లి ఇప్పుడున్న యాదాద్రి భువనగిరి జిల్లా 2016లో వచ్చింది, పాత కాగితాలన్నీ నల్లగొండ పేరు మీదే ఉంటాయి.

అయితే ఇదంతా రాతలో ఉన్నది. మా ఆవర్జాలో, అంటే ఖాతా పుస్తకంలో, మజూరి మొత్తం మగవాళ్ల పేర్ల మీదే ఉంది. ఆసు పోసిన పద్దు ఒక్కటీ లేదు, చిటికి కట్టిన పద్దూ లేదు. ఆ పనులు ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లవే. ఆసు పోయడమంటే అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చట్రం ముందు కూర్చుని, ఒక్కో మేకు చుట్టూ పోగు తిప్పాలి. చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు తిరగాలి, నాలుగైదు గంటల పని. మా నాయినమ్మకు కుడి భుజం పైకి లేచేది కాదు. చిటికి కట్టడం, అంటే రంగు పట్టకుండా సైకిల్ ట్యూబు సన్నగా కోసి, గీసిన గుర్తుల దగ్గర పోగులను బిగించి కట్టడం, ఆ తర్వాత. కట్టు వదులైతే రంగు లోపలికి పోయి బొమ్మ చెడుతుంది. అంత నేర్పుకి ఖాతాలో పైసా లేదు.

కాబట్టి ఆర్కైవ్స్ తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ నాయినమ్మ, అత్తమ్మల దగ్గర కూర్చోండి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మీ ఇంటికి ఎప్పుడొచ్చిందో అడగండి. సంవత్సరం చెప్పలేకపోయినా ఏ బిడ్డ పెళ్లికి ముందో, తర్వాతో ఠక్కున చెబుతారు. పెళ్లి పత్రిక ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది.