పాఠకుల ప్రశ్నలు: ఆకు అడుగు ఫొటో ఏదీ?

ప్రశ్న: మా మండలం మిర్చి రైతులం ఆరొందల మందిమి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ముడత వచ్చిన ఆకు ఫొటో పెడితే చాలు, ఐదు నిమిషాల్లో పది మందుల పేర్లు వచ్చి పడుతున్నాయి. అనుభవం ఉన్న రైతులేమో మాట్లాడటం మానేశారు. ఏం చేయాలండీ?
– ఒక గ్రూప్ అడ్మిన్, పల్నాడు జిల్లా

జవాబు: వివరం లేని ప్రశ్నకు జవాబు చెప్పి, అది పనిచేయక మాట పడాల్సి వస్తే ఎవరైనా నోరు కట్టేసుకుంటారు. అందుకే ముందు ప్రశ్న అడిగే తీరు మార్చండి.

మీరు చెప్పిన ముడతే తీసుకోండి. ఆకు అంచులు పైకి తిరిగి పడవలా ఉంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని కాడ సాగితే తెల్లనల్లి. తెల్లదోమ తెచ్చే వైరస్ ముడత ఇంకొకటి, దానికి ఏ మందు కొట్టినా మొక్క కోలుకోదు. పైనుంచి హడావిడిగా తీసిన ఒక్క ఫొటోలో వీటిని విడదీయడం కష్టం. నల్లి మీద సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టారా, అది ఇంకా పెరుగుతుంది.

కాబట్టి ప్రతి ప్రశ్నలో రకం పేరు, నాటి ఎన్నాళ్లయింది, గత 15 రోజుల్లో ఏం కొట్టారు అన్నవి ఉండాలి. ఫొటోలు మూడు: ఆకు పైభాగం, అడుగు, మొత్తం మొక్క. హెచ్‌డీలో పంపమనండి. ఈ నమూనాను పిన్ చేయండి. పిన్ గడువు గరిష్ఠంగా 30 రోజులే, నెలనెలా మళ్లీ పెట్టుకోవాలి. వివరాల్లేని ప్రశ్న కనబడితే తీసేయకండి, "ఆకు అడుగు ఫొటో కూడా పెట్టు అన్నా" అనండి. తీసేస్తే కొత్తవాడు మళ్లీ నోరెత్తడు.

జవాబిచ్చేవాళ్లు బ్రాండ్ కాదు, మందు రసాయన పేరు, లీటరు నీటికి ఎంతో చెప్పాలి. తన చేలో వాడిందా, విన్నదా అన్నదీ రాయాలి. పురుగుమందుల షాపువాళ్లను గెంటేయక్కర్లేదు, వాళ్లలో బాగా తెలిసినవాళ్లుంటారు. షాపు నాదే అని చెప్పి మాట్లాడితే చాలు.

అడ్మిన్ ఎవరి మెసేజైనా తీసేయొచ్చు గానీ, ఫలానా అడ్మిన్ తీసేశారని అందరికీ కనబడుతుంది. గొడవలు సగం అక్కడే మొదలవుతాయి. ముందు ఆ మనిషికి విడిగా ఓ మాట చెప్పండి. అడ్మిన్లు మాత్రమే రాసే సెట్టింగ్ తుఫాను హెచ్చరికలకు, ముదిరిన గొడవ చల్లారడానికి ఓ రెండు గంటలు వాడుకోండి. రోజూ పెడితే గ్రూపు నోటీసు బోర్డయిపోతుంది.

ఇద్దరు పెద్దరైతులు రెండు వేర్వేరు మందులు చెబితే, ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పలికే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఒకరు ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది అదే ప్రశ్న కింద రిప్లైగా పెట్టాలి.

ప్రశ్న: సభ్యుడు పెట్టిన తప్పుడు పోస్టుకు అడ్మిన్ మీద కేసు పెడతారా?
– ఖమ్మం

జవాబు: కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన ఇంకొకరి పోస్టుకు బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. మీరే దాన్ని ఫార్వర్డ్ చేస్తే సంగతి వేరు.