కొళాయి తిప్పి చూడు పాపా

తిరుపతి

పాపా,

పొద్దున కపిలతీర్థం దాకా నడిచి ఇంటికి వచ్చేసరికి మీ అమ్మ ఫోన్. నీకు ఆడిట్‌లో, అదే ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్ ఆఫీసులో, పోస్టింగ్ వచ్చిందని, అదీ పర్ఫార్మెన్స్ ఆడిట్ టీమ్‌లో వేశారని చెప్పింది. మీ పెద్దమ్మ వెంటనే దేవుడి ముందు దీపం పెట్టింది. నాకు సంతోషంతో పాటు టెన్షన్ కూడా పట్టుకుంది. ముప్పై ఏళ్లు చేసిన పని, ఎక్కడ కాలు జారుతుందో తెలుసు.

రూల్స్ ట్రైనింగ్‌లో నేర్పుతారు. కాగ్ విధులు, అధికారాలు చెప్పే 1971 చట్టంలో 18వ సెక్షన్ రెండుసార్లు చదువు, రికార్డులు అడిగే అధికారం అక్కడే ఉంది. ఏది అడిగినా హాఫ్ మార్జిన్, అంటే శాఖకు ఇచ్చే ఆడిట్ చీటీ, రాసి ఇవ్వు, అందినట్టు సంతకం తీసుకో.

ఖర్చుకు బిల్లులు సరిపోయాయా అని చూడటం మామూలు ఆడిట్. ఆ డబ్బుతో జనానికి అనుకున్నది అందిందా అని చూడటం నీ పని. మా రోజుల్లో దీన్ని రివ్యూ అనేవాళ్లం. దీనికి కాగితాలు చాలవు. అది నాకు ఎలా తెలిసొచ్చిందో మీ నాన్నకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

1994లో పలమనేరు వైపు తాగునీటి పథకాలు చూడమన్నారు. ఒక పల్లె ఫైలు ఎంత ముచ్చటగా ఉందో! బోరు లోతు, పైపు పొడవు, ట్యాంకు కొలతలు, అన్నీ ఎం.బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, గుండ్రటి అక్షరాలతో ఉన్నాయి. బిల్లుల్లో పైసా తేడా లేదు. ఊరికి పోదామంటే, వాన పడింది, దారి బాగలేదన్నారు శాఖవాళ్లు. జీపు వాళ్లదే, గెస్ట్‌హౌస్ వాళ్లదే, సాయంత్రం వేడివేడి బజ్జీలూ వాళ్లవే. రేపు పోదాంలే అనుకున్నాను. మర్నాడు ఇంకో ఊరి ఫైళ్లు ముందుకొచ్చాయి. పథకం పనిచేస్తోందని రాసి సంతకం పెట్టాను.

రెండేళ్ల తర్వాత మీ పెద్దమ్మ తరఫు పెళ్లికి ఆ ఊరికే పోవాల్సి వచ్చింది. మంచి ఎండాకాలం. వీధి కొళాయికి దూడను కట్టేసి ఉన్నారు. తిప్పితే తుప్పు చేతికంటింది, మూతి లోపల సాలెగూడు. మోటారు గదికి కరెంటు తీగే లాగలేదు. కనెక్షన్‌కు కట్టాల్సిన డబ్బు ఎస్టిమేట్‌లోనే పెట్టలేదని తర్వాత తెలిసింది. బోరు ఉంది, పైపులున్నాయి, ట్యాంకు ఉంది. ఎం.బుక్‌లో ఒక్క అబద్ధం లేదు పాపా. అబద్ధం నేను రాసిందే. పెళ్లింట్లో ఒక ముసలామె దూరపు బావి నుంచి మోసుకొచ్చిన నీళ్లు చెంబుతో ఇచ్చి, "కడుపునిండా తాగు నాయనా" అంది. తాగాను. నేనెవరో ఆమెకు చెప్పలేకపోయాను.

మనకు ఎవరినీ శిక్షించే అధికారం లేదు. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం రిపోర్టు గవర్నర్‌కు పోతుంది, ఆయన దాన్ని శాసనసభ ముందు పెట్టిస్తారు, తర్వాత ప్రజా పద్దుల కమిటీ చూస్తుంది. అక్కడ ఒక్కరు ప్రశ్న వేయాలన్నా నువ్వు రాసిన వాక్యమే ఆధారం. ఆ పల్లె గురించి ఎవరూ అడగలేదు. అడగడానికి నేనేం రాశాను గనుక?

నువ్వేమో మొహమాటస్తురాలివి. చిన్నప్పుడు వద్దనలేక ఎవరు పెట్టిన గారె వాళ్ల ముందే తినేసి, రాత్రంతా నా భుజం మీద కడుపునొప్పితో ఏడ్చావు. ఇక ఆ మొహమాటం పనికిరాదు. ఇటు ఆడిట్‌కు వస్తే "దర్శనం మేం చూసుకుంటాం మేడమ్" అంటారు. వద్దను. 300 రూపాయల టికెట్ నువ్వే బుక్ చేసుకో, దొరక్కపోతే సర్వదర్శనం క్యూలో నీతో నేనూ నిలబడతాను. ఏ ఊరు చూడాలో వాళ్లను ఎంచనివ్వకు. శాఖవాళ్లతో కలిసి చేసే జాయింట్ ఇన్‌స్పెక్షన్‌లో కనపడింది అక్కడికక్కడే రాసి, వాళ్ల సంతకం అక్కడే తీసుకో. ఆఫీసుకు వచ్చాక మాట మారుతుంది. బడి అయితే మధ్యాహ్న భోజనం వేళకు పో. కొళాయి అయితే బిందె పట్టుకున్న ఆడవాళ్లను అడుగు. వాళ్లు చెప్పింది రాసుకున్నట్టే, శాఖ ఇచ్చే జవాబు కూడా మార్చకుండా రాయి.

మెత్తటి చెప్పులు కొనుక్కో, చాలా నడవాల్సి ఉంటుంది. మీ పెద్దమ్మ ఆవకాయ సీసా కడుతోంది. మొదటి ఊరు చూసొచ్చిన రోజు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ పెద్దనాయన