డాక్టర్ లేని ఊళ్లో వీడియో కాల్ వైద్యం నిజంగా పనికొస్తుందా?

పనికొస్తుంది, కాకపోతే రోగి పక్కన శిక్షణ ఉన్న మనిషి ఒకరుండాలి. ఫోన్‌లో డాక్టర్ ఎంత గొప్పవాడైనా బీపీ చూడలేడు కదా.

దీన్ని బాగా చేసి చూపించింది హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి. వాళ్ల పద్ధతిలో సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్. అక్కడ డాక్టర్ ఉండరు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటర్ చదివిన పిల్లలకే ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా పెడతారు. వాళ్లే చూపు పరీక్షించి కళ్లజోడు రాస్తారు. అనుమానం వస్తే ఆన్‌లైన్‌లో పెద్ద డాక్టర్ సలహా తీసుకుంటారు. శుక్లాల ఆపరేషన్ కావాలంటే 5 లక్షల మందికి ఒకటి చొప్పున పెట్టిన పై స్థాయి ఆసుపత్రికి పంపుతారు. ఖర్చులో దాతలు, కంపెనీలు చెయ్యేస్తారు. జీతాలు ఇచ్చి రోజూ నడిపే బాధ్యత మాత్రం ఆసుపత్రి ఒక్కదాని మీదే ఉంటుంది. ఆ బాధ్యత ఎవరిదో తేలకే చాలా భాగస్వామ్యాలు దెబ్బతింటాయని నా అభిప్రాయం.

ప్రభుత్వం వైపు చూస్తే, 2019 నవంబర్‌లో మొదలైన ఈ-సంజీవని కూడా ఇంచుమించు ఇలాంటిదే. ఊరి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగిని కూర్చోబెట్టుకుని హబ్‌లోని (అంటే డాక్టర్లుండే పెద్ద కేంద్రంలోని) డాక్టర్‌తో వీడియో కాల్‌లో మాట్లాడిస్తారు.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లను నెలనెలా గమనించడానికి ఇది చాలా మేలు. అయితే డాక్టర్ రాసిన మాత్రలు అదే కేంద్రంలో దొరకాలి. లేదంటే మళ్లీ టౌన్‌కి బస్సెక్కాల్సిందే. ఛాతీనొప్పి లాంటివైతే వీడియో కాల్ కోసం చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.