సరుకు పేరుకుందంటే షేరు అమ్మేయాలా?

ప్రశ్న: ఫోన్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీ షేర్లు నా దగ్గరున్నాయి. ఇన్వెంటరీ (అమ్ముడుపోక, వాడక నిల్వ ఉన్న సరుకు) 50 శాతం పెరిగింది, గిరాకీ పడిపోతున్నట్టే, అమ్మేయమని టీవీలో ఒక అనలిస్టు చెప్పారు. అమ్మేయనా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆ ఒక్క ముక్కకే అమ్మకండి. నిల్వను రోజుల్లోకి మార్చి చూడండి. ఫలితాల్లో వాడిన ముడిసరుకు, కొని అమ్మిన సరుకు, నిల్వల్లో మార్పు అని మూడు పద్దులుంటాయి. మూడూ కలిపితే సరుకు ఖర్చు. నిల్వను దాంతో భాగించి, ఆ కాలంలోని రోజులతో హెచ్చించాలి. నిరుడు సెప్టెంబరు చివర నిల్వ 400 కోట్లు, ఆరు నెలల సరుకు ఖర్చు 1,100 కోట్లు అనుకుందాం: దాదాపు 67 రోజులు. ఈసారి నిల్వ 600 కోట్లు, ఖర్చు 1,800 కోట్లు: 61 రోజులు. నిల్వ 50 శాతం పెరిగింది, సరుకు మాత్రం ముందుకన్నా త్వరగా కదులుతోంది! సెప్టెంబరును సెప్టెంబరుతోనే పోల్చండి, పండగల ముందు సరుకు నింపుకోవడం మామూలే.

రోజులు కూడా పెరిగితే, పెరిగింది ఏ సరుకో వార్షిక నివేదికలోని ఇన్వెంటరీ నోట్‌లో చూడండి. ముడిసరుకు పెరిగితే చిప్‌లకు కొరత వస్తుందని ముందే కొని ఉండొచ్చు. అమ్మకాలు కదలకుండా తయారైన సరుకు పేరుకుంటే మాత్రం భయపడాల్సిందే. ఒక మోడల్ కోసం చేసిన భాగం ఇంకోదానికి పనికిరాకపోవచ్చు, అప్పుడు విలువ తగ్గించి నష్టం రాసుకోవాలి. సముద్రంలో ఉన్న సరుకూ నిల్వే. ఎఫ్‌ఓబీ షరతు (ఓడెక్కించేదాకానే అమ్మినవారి బాధ్యత) మీద కొన్నది మన పోర్టుకు రాకముందే, అక్కడ ఓడెక్కినప్పుడే కొన్నవారి లెక్కలో పడుతుంది.

నిల్వ అంకె ఉండేది ఆస్తి అప్పుల పట్టికలో. మన కంపెనీలు దాన్ని ఇవ్వాల్సింది సెప్టెంబరు, మార్చి ఫలితాలతోనే. డిసెంబరు నిల్వ గురించి ఎవరైనా అంకె చెబితే ఎక్కడిదని అడగాలి. ఆ త్రైమాసికంలో మనకు దొరికేది ‘నిల్వల్లో మార్పు’ పద్దు. అంకె బ్రాకెట్లలో ఉంటే నిల్వ పెరిగినట్టు. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు. ఇందులో ముడిసరుకు కలవదు.

ప్రశ్న: సప్లయర్లకు ఆర్డర్లు తగ్గాయంటే పెద్ద కంపెనీ అమ్మకాలు తగ్గినట్టేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఎవరు చెప్పారన్నదాన్ని బట్టి. 2013 జనవరిలో ఐఫోన్ 5 విడిభాగాల ఆర్డర్లను యాపిల్ కోసేసిందని పత్రికలు రాశాయి. ఆ జనవరి–మార్చిలో అమ్ముడైనవి 3.74 కోట్ల ఐఫోన్లు, ముందు ఏడాది అదే కాలంలో 3.51 కోట్లు. జోరు తగ్గింది గానీ అమ్మకాలు పడిపోలేదు. ఒకే భాగాన్ని ఇద్దరు ముగ్గురి దగ్గర కొంటారు, ఒకరికి కోసింది ఇంకొకరికి వెళ్లి ఉండొచ్చు. ఫ్యాక్టరీలో పాడయ్యే భాగాలు తగ్గినా ఆర్డరు తగ్గుతుంది.

2018 నవంబరులో అలా కాదు. ఒక పెద్ద కస్టమర్ ఆర్డర్లు తగ్గించిందని యాపిల్‌కు విడిభాగాలు అందించే లుమెంటమ్ కంపెనీయే ప్రకటించి, తన అంచనాను కుదించుకుంది. 2019 జనవరి 2న యాపిల్ తన ఆదాయ అంచనాను 8,900–9,300 కోట్ల డాలర్ల నుంచి 8,400 కోట్లకు దించింది. సప్లయర్ తన సొంత అంకెను దించుకుంటే పట్టించుకోండి, ‘విశ్వసనీయ వర్గాల’ను కాదు.

ప్రశ్న: అనలిస్టు సలహా ఇచ్చే షేర్లు ఆయన దగ్గరే ఉంటే?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ఉండొచ్చు, కానీ చెప్పాలి. రిపోర్టు చివరి పేజీలోని చిన్నక్షరాలు ముందు చదవండి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చే అనలిస్టు రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌హెచ్ (INH) అక్షరాలతో మొదలవ్వాలి, దాన్ని సెబీ వెబ్‌సైట్‌లో సరిచూడండి.